టైరులో నిలబడ్డ బోర్డు

పెంచిన ట్రాఫిక్ జరిమానాలు అమల్లోకి వచ్చిన మరుసటి ఏడాది, జనవరి నెలలో, గుంటూరు, ప్రకాశం హద్దుల్లోని ఒక సర్కిల్‌కు నన్ను ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. సర్కిల్ పేరు చెప్పను. చెబితే గుమ్మడికాయల దొంగ సామెత లాగా అప్పట్లో నా కింద పనిచేసినవాళ్లు భుజాలు తడుముకుంటారు. దర్శి వైపు నుంచి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే బళ్లలో చాలా భాగం మా హద్దు దాటే వెళతాయని తెలిస్తే చాలు.

నేను చేరేనాటికి మా సర్కిల్‌కు ఒక ఇంటర్‌సెప్టర్ వాహనం ఇచ్చి ఉన్నారు. పేరు పెద్దదే గానీ అది లోపల స్పీడ్ గన్ బిగించిన ఒక తెల్ల జీపు. దాని మీద ఒక ఎస్సై, ఒక హెడ్ కానిస్టేబుల్, డ్రైవర్ ఉంటారు. రోడ్డు పక్కన బండి ఆపి, వచ్చే వాహనం మీదికి గన్ గురిపెడితే అది వేగాన్ని కొలిచి, నంబరు ప్లేటుతో సహా ఫొటో తీస్తుంది. ఆ ఫొటోతో ఈ-చలానా తయారై వాహన యజమాని ఫోన్‌కు వెళుతుంది. వాహనాన్ని ఆపనక్కర్లేదు, డ్రైవర్‌తో మాట పడనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం పాఠకులు గుర్తుంచుకోవాలి. గన్‌కు వేగం తెలుస్తుంది గానీ ఆ రోడ్డు మీద ఎంత వేగం వరకు చెల్లుతుందో తెలియదు. ఆ అంకెను పొద్దున డ్యూటీలోకి దిగగానే మనిషే దానికి చెప్పాలి.

జరిమానాలు వందల నుంచి వేలల్లోకి ఎక్కాక డ్రైవర్లు మమ్మల్ని చూసే చూపు మారింది. అంతకు ముందు మేము వాళ్లకు కాస్త లంచగొండి మనుషులం. ఆ తరువాత సర్కారు వారి వసూలు యంత్రాలమయ్యాం. ఈ రెండింటిలో మొదటిదే నయమని ఒక లారీ డ్రైవర్ నా ముఖం మీదే అన్నాడు. దిష్టి తగలకుండా బంపరుకు నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టడం ఈ ప్రాంతంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ సీజన్లో ఆ దండలు ఉన్నట్టుండి బారెడు పొడుగయ్యాయి. సరిగ్గా నంబరు ప్లేటు మీద, అందులోనూ చివరి రెండంకెల మీద వేలాడేవి. దిష్టి ఎవరిదో అర్థం కానంత అమాయకుణ్ణి కాను. ఎదురొచ్చే బళ్లకు లైట్లు కొట్టి హెచ్చరించుకోవడం పాత పద్ధతి. కొత్తగా ఫోన్లలో వాళ్లకొక గ్రూపు ఉండేది. మా జీపు ఎక్కడ ఆగితే అక్కడ 'అత్తగారు కూర్చుంది' అని ఒక మాట గ్రూపులో పడేది. ఆ గ్రూపులో మా హెడ్ కానిస్టేబుల్ బావమరిది కూడా ఉన్నాడని నాకు తెలుసు. ఎవరు ఎటువైపో ఆ రోజుల్లో చెప్పడం కష్టం.

ఇటువైపు మా సంగతీ చెప్పాలి. టార్గెట్ అనే మాట మా శాఖలో ఏ కాగితం మీదా కనిపించదు. నెలవారీ సమీక్షలో మాత్రం ఏ సర్కిల్లో ఎన్ని కేసులని తెర మీద రంగు పట్టీలు వేసి చూపిస్తారు. పొట్టి పట్టీ ఉన్నవాడు లేచి నిలబడి కారణం చెప్పుకోవాలి. జనవరిలో నేను నిలబడ్డాను. ఫిబ్రవరిలో మా పట్టీ అందరికంటే పొడుగ్గా లేచింది. పై అధికారి నన్ను మెచ్చుకున్నారు. నేను చేయని పనికి మెచ్చుకోలు వస్తే ముందు అనుమానపడటం నా అలవాటు. ఎక్కడ పడ్డాయి ఇన్ని కేసులని అడిగితే, దాదాపు అన్నీ ఒకే చోట పడ్డాయని తెలిసింది. కొత్తగా కల్వర్టు కట్టిన తిన్నటి రోడ్డు అది. ఇటు పత్తి కట్టెలు పీకిన చేలు, అటు మిరప తోటలు, మధ్యలో అద్దంలాంటి తారు. వేగ పరిమితి నలభై.

జీపు మీది ఎస్సై శ్రీధర్ చురుకైన కుర్రాడు. చురుకైనవాళ్లను నేను కొంచెం దూరం పెడతాను. తిన్నటి రోడ్డు మీద నలభై ఏమిటయ్యా అని అడిగితే, బోర్డు ఉంది సార్ అన్నాడు. పని జరిగే చోట గుత్తేదారు బోర్డు పెట్టడం మామూలే కాబట్టి అప్పటికి ఊరుకున్నాను.

ఆ వారంలోనే మస్తాన్ వలి బండి పట్టుబడింది. అతను దర్శి దగ్గరి ఊరివాడు. రైతుల దగ్గర మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎక్కించుకుని తన మినీ ట్రక్కులో యార్డుకు చేరుస్తాడు. చలానాలు పేరుకుపోయిన బండిని ఆపి, అవి కట్టేదాకా స్టేషన్ ఆవరణలో ఉంచే అధికారం మాకుంది. సరుకు వేరే బండికి మార్పించి అతని ట్రక్కును లోపల పెట్టారు. తక్కినవాళ్లయితే తిట్టుకుంటూనో బతిమాలుకుంటూనో కట్టేసి వెళ్లిపోతారు. ఇతను రెండూ చేయలేదు. పొద్దున్నే వచ్చి, బండి పక్కన నీడలో కూర్చుని, సాయంత్రం లేచి వెళ్లేవాడు. అలా రోజూ వస్తుంటే నాకే చిరాకు పుట్టి లోపలికి పిలిచాను.

కట్టేసి తీసుకుపోరాదా, సీజన్ ఎందుకు పాడు చేసుకుంటావని అడిగాను. అది ఫైనాన్స్ బండి. మిర్చి నడిచే ఈ కొద్ది నెలలూ తిరిగితేనే ఏడాది కిస్తీలకు సరిపోతుంది. తిరగకపోతే ఫైనాన్స్ వాళ్లు మా ఆవరణ నుంచే తోలుకుపోతారు. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

"నేను పోలేదంటల్లేదు సార్. యాభై మీదే పోయా. ఆ రోడ్డు మీద యాభై పోతే స్పీడంటారా? ఎద్దులబండోడు కూడా నవ్వుతాడండీ."

బోర్డు చూసుకోవద్దా అన్నాను.

"ఏ బోర్డు సార్? పొద్దున లోడు మీద పోయేటప్పుడు ఉండిద్ది. సాయంత్రం ఖాళీ బండితో వచ్చేటప్పుడు ఉండదు. ఒకరోజు కల్వర్టు కాడ చూశా, ఇంకోరోజు తుమ్మచెట్టు కాడ చూశా. పాతిన బోర్డు నడిచిద్దా సార్? మీ వోళ్లే తెచ్చి పెడతన్నారు, డ్యూటీ అయినాక మీ వోళ్లే ఎత్తకపోతన్నారు. పన్నేస్తే జనం అడుగుతారు. ఫైనేస్తే తప్పు మనదేమో అని తలొంచుకుని కడతారు. నేను కట్టనండి. కడితే ఒప్పుకున్నట్టే."

నాకు కోపం వచ్చింది. పోలీసుల మీద ఎవరేమన్నా మొదట వచ్చేది అదే. కోపం దిగాక మిగిలింది అనుమానం. అది మస్తాన్ మీద కాదు, శ్రీధర్ మీద. కుర్రాడు చురుకైనవాడు, పట్టీ పొడుగైంది, బోర్డు నడుస్తోంది. ఈ మూడూ కలిపితే వచ్చేది కంచే చేను మేయడం.

ఆ మధ్యాహ్నమే చెప్పకుండా వెళ్లాను. జీపు తుమ్మచెట్టు కింద ఉంది. దానికి కాస్త ముందుగా ఎర్ర వలయంలో నలభై అంకెతో బోర్డు నిలబడి ఉంది. రోడ్డు మార్జిన్ పొడుగునా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కల్లానికి చోటు లేని రైతులు ఇలా రోడ్డంచున ఆరబోసుకోవడం ఇక్కడ మామూలు. తారు వేడికి కాయ తొందరగా ఎండుతుంది. చట్టప్రకారం తప్పే అయినా, సీజన్లో ఆ తప్పుకు కేసు రాసిన అధికారి ఈ జిల్లాల్లో నాకు తగల్లేదు. నేను కాయలను దాటి వెళ్లి బోర్డును చూశాను. దాని కాలు భూమిలో లేదు. పాత టైరులో సిమెంటు పోసి అందులో నిలబెట్టారు. రోడ్డు పనులప్పుడు గుత్తేదార్లు వాడే రకం. పని అయిపోయి నెలలు గడిచాయి. బోర్డు మాత్రం మిగిలింది.

ఇది ఎవరిదని శ్రీధర్‌ను అడిగాను. తను వచ్చేనాటికే ఉందన్నాడు. రోజూ ఒకే చోట ఉంటోందా అంటే, గమనించలేదు సార్ అన్నాడు. వేగంగా వచ్చే బండి చివరి అంకె వరకు గమనించే మనిషి, పక్కనున్న బోర్డును గమనించలేదంటే నేను నమ్మలేదు. పొద్దుగూకే వేళ జీపు స్టేషన్‌కు వచ్చేశాక మళ్లీ అటే వెళ్లాను. మస్తాన్ చెప్పినట్టే బోర్డు లేదు. కాయల మీద పట్టాలు కప్పి, మసక చీకట్లో వాటి మీద ఏవో బరువులు పెట్టి ఉన్నాయి, చుట్టుపక్కల మనిషి లేడు. జీపు వెనక సీటు ఎత్తి చూడాలన్న ఆలోచన కూడా వచ్చింది. సొంత మనుషుల జీపు వెతకడం ఏ అధికారికీ గౌరవం కాదు. అయినా స్టేషన్‌కు రాగానే వెతికాను. లోపల బోర్డు లేదు. సగం తాగిన మజ్జిగ సీసా ఒకటి దొరికింది.

మర్నాడు శ్రీధర్ డ్యూటీకి బయలుదేరక ముందే, మామూలు చొక్కా తొడుక్కుని, లుంగీ కట్టుకుని కల్వర్టు దగ్గరి టీ బంకులో కూర్చున్నాను. బంకువాడు నన్ను గుర్తుపట్టాడో లేదో గానీ టీకి డబ్బులు తీసుకోలేదు. గుర్తుపట్టాడన్నమాటే. సూర్యుడు పైకి రాగానే ఒకావిడ చేతిలో పారతో వచ్చింది. నడివయసు మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుంది. కాయల మీది పట్టాలు ఒక్కొక్కటే లాగి మడత పెడుతోంది. చివరి పట్టా మీద ఎగిరిపోకుండా బరువుకు ఏదో పెట్టి ఉంది. ఆవిడ దాన్ని రెండు చేతులా లేపి, టైరును దొర్లించుకుంటూ రోడ్డంచుకు తెచ్చి నిలబెట్టింది. నలభై అంకె వచ్చే బళ్ల వైపు తిరిగిందో లేదో వెనక్కి జరిగి చూసుకుంది కూడా.

నేను లేచి వెళ్లి, ఇదేమిటమ్మా అని అడిగాను. ఆవిడ పేరు తిరపతమ్మ. కౌలుకు చేసిన మిరప. కల్లానికి చోటు లేదు.

"బళ్లు జోరుగా పోతంటే దుమ్మంతా కాయ మీదేనయ్యా. రంగు పోద్ది, యార్డులో తాలుకాయ కింద కట్టి ధర తెగ్గోస్తారు. నిరుడు రాళ్లు పెట్టా. ఎవడో మోటార్ సైకిలోడు గుద్దుకుని పడ్డాడు, కేసవుద్దని బెదిరించి పోయారు. ఈ బోర్డు పన్లోళ్లు వదిలేసి పోయిందే. దీనికి గుద్దుకునేవోడు ఎవడుంటాడు? చూసి నిదానంగా పోతారు, ఎవరికీ దెబ్బ తగలదు గదా."

కాయలు ఒకచోట ఎండాక ఎత్తి, మరో కోత తెచ్చి ఇంకొంచెం అవతల పోస్తుందట. బోర్డూ కాయల వెంట జరుగుతుంది. సాయంత్రం పట్టాకు బరువవుతుంది.

ఆ తెల్ల జీపు సంగతి తెలుసా అని అడిగాను.

"తెలియకేం. బోర్డు పెట్టినా కొందరు ఆగరని, నా కాయలు చూసి జాలిపడి వొచ్చి కాపలా ఉంటన్నారు. మంచి పిల్లలయ్యా. రోజూ మజ్జిగ పోస్తన్నా."

ఉద్యోగంలో చాలామంది అబద్ధాలు విన్నాను. ఇది అబద్ధం కాదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసిపోయింది. నాకు నవ్వు రాలేదు. స్టేషన్ ఆవరణలో మస్తాన్ ట్రక్కు నిలబడి ఉంది. దాన్ని ఆపింది ఈవిడ దొర్లించిన టైరు. నిజంగా ఆపింది మేమే.

వేగ పరిమితిని నిర్ణయించే పద్ధతి ఒకటుంది. ప్రభుత్వం నోటిఫై చేయాలి, రోడ్ల శాఖ దాని ప్రకారం బోర్డు నాటాలి. నోటిఫికేషన్ లేని బోర్డు చట్టం దృష్టిలో రేకు ముక్కే. ఆ రోడ్డు మీద సరుకు బళ్లకు చెల్లే వేగం అరవై. అంటే అక్కడ నలభై దాటినందుకు మేము పంపిన చలానాల్లో అరవైలోపు ఉన్నవేవీ నిలబడవు. శ్రీధర్‌ను పిలిచి చెప్పాను. అతను తెల్లబోయాడు. నిజంగా తెల్లబోయాడా, తెల్లబోయినట్టు నిలబడ్డాడా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు. ఆ మజ్జిగ ఎవరు, ఎందుకు పోస్తున్నారో ఒక్కరోజు కూడా అడగలేదా అంటే, రైతులు మర్యాదస్తులు సార్ అన్నాడు. ఆ నెలలోనే అతన్ని జీపు మీది నుంచి మార్పించాను.

తిరపతమ్మ మీద కేసు రాయలేదు. బోర్డును రోడ్ల శాఖ వాళ్లకు అప్పగించాం. తీసుకెళుతుంటే ఆవిడ, మరి నా కాయల సంగతేంటయ్యా అని అడిగింది. రోడ్ల శాఖ వాళ్లను అడగమ్మా అన్నాను. ఒక పోలీసు అధికారి ఇంకో శాఖ పేరు చెప్పడాన్ని ఆవిడ పెద్దగా వింతగా తీసుకోలేదు.

అసలు చిక్కు పై కార్యాలయంలో వచ్చింది. అక్కడ పడ్డ అలాంటి చలానాలన్నీ రద్దు చేయాలని నివేదిక పంపాను. పిలిపించారు. బోర్డు ఎవరు పెడితే ఏం, వేగంగా పోవడం నిజమే కదా అని మొదట అన్నారు. తరువాత అసలు మాట బయటికొచ్చింది. కట్టనివాళ్లవి రద్దు చేయవచ్చు. కట్టినవాళ్ల సొమ్ము అప్పటికే ఖజానాకు చేరిపోయింది. దాన్ని వెనక్కి రప్పించాలంటే వేరే శాఖకు ఫైలు నడవాలి. ఫైలు నడిపిస్తే ఇదంతా ఎలా జరిగిందని ఎవరో అడుగుతారు. అడగటం ఎవరికీ ఇష్టం లేదు. కట్టినవాళ్లు ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా అన్నారు. కట్టినవాళ్లు ఫిర్యాదు చేయరు సార్, అందుకే కడతారు అన్నాను. ఆ మాట వాళ్లకు నచ్చలేదు. నేను రెండోసారి రాశాను, మూడోసారీ రాశాను. నేను రిటైరయ్యేనాటికి కట్టినవాళ్లలో ఒక్కరికి కూడా పైసా తిరిగి రాలేదు. ఆ సంగతికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మస్తాన్ వలికి మాత్రం బండి దక్కింది. అతని చలానాలు రద్దయ్యాయని చెప్పి తాళం చేతిలో పెట్టినప్పుడు, సంతోషపడతాడనుకున్నాను. తాళం తీసుకుని బండి చుట్టూ తిరిగి, టైర్లు చూసుకుని, డీజిల్ ట్యాంకులో పుల్ల పెట్టి చూసుకున్నాడు. బోర్డు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని, "అట్టాగా సార్" అన్నాడు. ఒక ముక్క కూడా నమ్మలేదు. డ్రైవర్ల గ్రూపులో ఏం తిరిగిందో హెడ్ కానిస్టేబుల్ బావమరిది ద్వారా నాకు తెలిసింది. పోలీసులు దొరికిపోయి ఆవిడ మీదికి తోశారని కొందరు, ఎన్నికలొస్తున్నాయి గనక రద్దు చేశారని కొందరు అన్నారట. అందరూ ఒప్పుకున్న మాట ఒక్కటే: కట్టినోడు మునిగాడు, కట్టనోడు తేలాడు. ఆ తరువాత మా సర్కిల్లో చలానా వచ్చిన వెంటనే కట్టే డ్రైవర్ దాదాపు కనిపించలేదు. న్యాయంగా రాసిన వాటినీ కట్టలేదు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

రిటైరయ్యాక ఒక మిర్చి సీజన్లో, దర్శిలో బంధువుల ఇంటికి వెళ్లి తిరిగి వస్తుంటే బస్సు తప్పిపోయింది. ఆగిన బండి మస్తాన్‌ది. గుర్తుపట్టి పక్కన ఎక్కించుకున్నాడు. నేను రిటైరయ్యానని తెలిశాక కాస్త మాట కలిపాడు. బండి కిస్తీలు తీరిపోయాయట. తిన్నటి రోడ్డు మీద హాయిగా పోతున్నవాడు, కల్వర్టు కనిపించగానే గేరు మార్చి బండిని బాగా నెమ్మది చేశాడు. ముందు పోతున్న లారీ, వెనక వస్తున్న రెండు ఆటోలు కూడా నెమ్మదించాయి. రోడ్డంచున ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి మీద దుమ్ము పడటం లేదు. ఇక్కడ బోర్డు లేదు, జీపూ లేదు, మరెందుకు నెమ్మది చేశావని అడిగాను.

"బోర్డుంటే ఎంత పోవాలో తెలుసుద్ది గదండీ. లేకపోతేనే భయం."

తిరపతమ్మకు కావలసింది దొరికింది. మాకు కావలసింది దొరకలేదు. జరిమానాకు భయపడ్డవాడు బండి నెమ్మది చేస్తాడు గానీ చట్టాన్ని నమ్మడు. ఈ రెండూ ఒకటేనని సమీక్షల్లో తెర మీద పట్టీలు చూపించేవాళ్లు ఇంకా అనుకుంటూనే ఉన్నారు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే ఎస్సైలు ఎవరైనా నన్ను అడిగితే చెప్పేది ఒక్కటే. గన్‌కు అంకె చెప్పే ముందు జీపు దిగి, నాలుగడుగులు నడిచి, బోర్డు కాలు ఎందులో ఉందో చూడండి.